నానబెట్టిన మేత

పది గంటలకు సారు వస్తాడు. అప్పటిదాకా గంటసేపు గదిలో ఒక్కరే ఉండాలి, అది కూడా ఎలుకలకు వాసన తెలిసిన మనిషే అయ్యుండాలి, ఆ మనిషి మాట్లాడకూడదు, లేచి తిరగకూడదు, చేతిలోది కింద పడేయకూడదు. జంతువు బెదిరితే బీపీ దానంతటదే లేస్తుందనీ, అట్లా లేచినప్పుడు తీసిన కొలత కొలతే కాదనీ ఈ ఎలుకల మీద పరిశోధన చేసే సాహితి మొదటి నెలలోనే చెప్పింది. అందుకే బోన్లు కడిగి మేత పెట్టే శ్రీశైలమ్మ తలుపు పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఎదురుగా ఇనుప అరల్లో ఉన్న బోన్లవైపు చూస్తోంది. ఏసీ తగ్గించడంతో గది నులివెచ్చగా ఉంది. రంపపు పొట్టు, ఎలుకల ఉచ్చ, ఫినాయిలు కలిసిన వాసన ముక్కుకు అలవాటైపోయి, ఇప్పుడు కూర్చుని పట్టించుకుంటే తప్ప తెలియడం లేదు. ఎవరో చేశారు. సోమవారం నుంచీ ఆమె మనసులో ఇదొక్కటే మాట. ఎవరో ఏదో చేశారు. అదెవరో తేలకపోతే పది గంటలకు ఆ పిల్ల రెండేళ్ళ చదువు పోతుంది, దొంగ లెక్కలు రాసిందన్న పేరొక్కటి మిగులుతుంది.

పై రెండు అరల్లోవి మామూలువి. కింది రెండు అరల్లోవి పుట్టుకతోనే బీపీ ఉండే జాతివి. కిందటేడు ఉగాది దాటాక అట్టపెట్టెల్లో దిగినప్పుడు రెండూ ఒకటే లాగా ఉన్నాయి, తెల్లగా, వేళ్ళంత తోకలతో. ఒకటే మేత, ఒకటే నీళ్ళు, ఒకటే గది, ఒకటే చెయ్యి. ఇప్పుడు పదిహేడు నెలలు నిండాయి, ఎలుక లెక్కలో ముసలితనం. నెలకోసారి తోకకు చిన్న పట్టీ చుట్టి బీపీ చూస్తారు, తూకం వేస్తారు, కింద గరాటు ఉండే జాలీ బోనులో ఒక రోజంతా ఉంచి ఎంత తిన్నది, ఎంత తాగింది, ఎంత ఉచ్చ పోసింది అన్నీ కొలుస్తారు. ఇదంతా దేనికమ్మా అని ఒకరోజు అడిగితే సాహితి చేతి తొడుగులు విప్పుకుంటూ ఎదురుగా కూర్చుని చెప్పింది. "బీపీ అంటే గుండెకాయ సంగతే అనుకుంటారు పెద్దమ్మా. అది ఒళ్ళంతటినీ మారుస్తది. వయసొచ్చేకొద్దీ తిన్నదాన్ని ఒళ్ళు వండుకునే తీరే వేరైపోతది. చక్కెర వాడుకోవడం చేతగాదు, కొవ్వును కాల్చుకుంటది, ఆఖరికి కండను కూడా. ఆ పొయ్యి ఏ వయసులో మారింది, ఎంత మారింది, అది చూసేదే నా పని." శ్రీశైలమ్మకు వెంటనే మొగుడు యల్లయ్య భుజాలు గుర్తొచ్చాయి. పక్షవాతం రాకముందే రెండేళ్ళపాటు ఆ మనిషి ఎట్లా కరిగిపోయాడో, సంకటి ఎంత పెట్టినా ఒంటికి పట్టదేమని తను ఎట్లా విసుక్కునేదో. అప్పుడెవరూ ఈ మాట చెప్పలేదు. రాచర్ల దగ్గర చేలల్లో గొర్రెల వెంట తిరిగే మనిషికి బీపీ ఉంటుందని ఎవరనుకుంటారు.

సోమవారం ఆమె వరండా తుడుస్తుంటే లోపల చెన్నకేశవరావు సారు గొంతు వినిపించింది. సారు గట్టిగా అరిచే మనిషి కాదు. గిద్దలూరులో బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి అని సాహితికి కొంచెం మర్యాద కూడా ఇస్తాడు, ఆయనదీ ఆ ఊరే. ఆ రోజు మాత్రం కాగితం మీద గీతను వేలితో పొడుస్తూ అన్నాడు. "ఏందమ్మాయీ ఇది? పన్నెండు నెలలదాకా మెట్లెక్కినట్టు పోయింది, ఆ తర్వాత గోడ దూకినట్టు లేచింది. ముసలితనం గోడ దూకి వస్తదా? ఈ అంకెలు ఎలుకలిచ్చినాయా, నువ్విచ్చినావా?" సాహితి నోరు తెరిచేలోపే ఆయనే అన్నాడు. "గురువారం నేనే వస్తా. నా కళ్ళ ముందర తియ్యి. కలిస్తే సరే. కలవకపోతే నేను సంతకం పెట్టను, పైకి రాస్తా కూడా." ఆయన పోయాక ఆ పిల్ల బయటికొచ్చి, చీపురు పట్టుకుని నిలబడ్డ శ్రీశైలమ్మను చూసి అడిగిన మొదటి మాట: "పెద్దమ్మా, నేను లేనప్పుడు ఈ గదిలోకి ఎవరన్నా వచ్చినారా?"

వచ్చాడు. అరవింద్ వచ్చాడు. పక్క గదిలో షుగరు ఎలుకలు పెట్టుకుని ఆకుల రసాలు తాగించే పిల్లోడు. ఆదివారం దూది కావాలని వచ్చాడు, అంతకుముందు ఆదివారం త్రాసు కావాలని వచ్చాడు. వచ్చి ఊరికే పోడు, బోన్ల ముందు వంగి చూస్తాడు. "అత్తా, మీ వాళ్ళు మావాళ్ళకంటే మేలు, చచ్చే ముందు చెప్పి చస్తారు" అని నవ్వుతాడు. అవి అన్ని మాటలకు నవ్వే పళ్ళు. నవ్వే మనిషిని శ్రీశైలమ్మ ఎప్పుడూ నమ్మలేదు, పొదిలి సంతలో గొర్రెలు కొనే దళారులు కూడా అట్లానే నవ్వుతూ పళ్ళు చూసి వయసు తప్పు చెప్పేవాళ్ళు. వాడి ఎలుకలు సగం వేసవిలోనే చచ్చాయి. చచ్చినవాటి చోట ఇక్కడివి తీసుకుపోయి, ఇక్కడ వేరేవి పెట్టాడా? తోక మీద రాసిన నంబరు పది రోజులకు చెరిగిపోతుంది, మళ్ళీ రాయడం ఎంతసేపు. కానీ ఆ అనుమానం తోక మీద నంబరు చూసుకునేవాళ్ళకు రావాలి, తనకు కాదు. వంద గొర్రెల మందలో ఏది ఎవరిదో మొహం చూసి చెప్పిన మనిషికి పాతిక ఎలుకలు ఒక లెక్కా. ఆ మూల ఉన్నది మీసాలు కుడివైపు వంచుకుని తింటుంది. దాని పక్కది మూత తీయగానే ముందు ఎడమకాలు పెడుతుంది. దాని కిందది, ఇరవై మూడో నంబరు, గోడవైపు తిరిగి పడుకునేది. అది లేదు. పది రోజుల కింద పొద్దున వచ్చేసరికి ఒక పక్క కాళ్ళు పడిపోయి, ఉన్న చోటే గుండ్రంగా తిరుగుతూ కనిపించింది. మధ్యాహ్నానికి పోయింది. యల్లయ్యకు కూడా ఎడమ పక్కే. కాదు, ఎలుకలు మారలేదు, అన్నీ అవే. అయితే వాడు మార్చింది ఇంకేదో.

నీళ్ళా? ఈ తట్టున మొదట అనుమానించాల్సింది నీళ్ళనే. బోరు నీళ్ళు తాగి పళ్ళు పసుపెక్కి మోకాళ్ళు వంగినవాళ్ళు తన పుట్టింటి వీధిలోనే పదిమంది. కానీ ఈ గదిలో క్యాను నీళ్ళు తప్ప పోయరు, క్యాను మూత తనే తీస్తుంది, సీసాలు తనే నింపుతుంది. సీసాలు. వేసవిలో కింది అరల సీసాలు తొందరగా అయిపోయేవి. రెండు రోజులకోసారి నింపేవి రోజూ నింపాల్సి వచ్చింది. పొట్టు కూడా తొందరగా తడిసి రోజు విడిచి రోజు మార్చింది. ఎండలు కదా అనుకుంది. ఎండ పై అరలకు లేదా? ఏసీ గదికి ఎండేంది? ఇప్పుడు ఆ ప్రశ్న తనలో తనకే కొత్తగా వినిపించింది, ఎవరో పక్కన కూర్చుని అడిగినట్టు. సీసాల్లో ఎవరైనా ఏదైనా కలిపి ఉంటే? తాళం ఎవరి దగ్గరుంది, తన దగ్గర, సాహితి దగ్గర. ఇద్దరి దగ్గరే. ఇద్దరిలో తను కాదు.

ఆ మాట దగ్గర మనసు ఆగింది. ఆగకుండా ఉంటే బాగుండేది. ఆ పిల్లే రాసుకుందేమో. డిసెంబరులోపు పరిశోధన పుస్తకం రాసి ఇచ్చెయ్యాలి, ఇవ్వకపోతే ఫెలోషిప్పు ఆగిపోతుంది, ఆ మాట ఫోన్‌లో వాళ్ళ నాయనతో చెప్తుంటే విన్నది. ఒకరోజు సాయంత్రం మిషను వైపు చూడకుండానే వరసగా అంకెలు రాసుకుపోతుంటే చూసింది కూడా. ముందే కాగితం మీద ఉన్నవి పుస్తకంలోకి ఎక్కిస్తోందేమో, లేకపోతే మనసులో ఉన్నవి ఎక్కిస్తోందేమో, ఇంగ్లీషు రాని మనిషికి ఎట్లా తెలుస్తుంది. నల్లేరు పచ్చడి చేసి తెస్తే వేలు నాకి మరీ మెచ్చుకునే పిల్ల, యల్లయ్యకు మాత్రలు అయిపోతే గుర్తుపెట్టుకుని తెచ్చిచ్చే పిల్ల. మంచిది. మంచివాళ్ళు ఇరుకున పడితే అబద్ధమాడరా? తను ఆడలేదా? ఆస్పత్రిలో డాక్టరు "ఈయనకు ముందు నుంచీ తలనొప్పి ఉండేదా" అని అడిగితే లేదని చెప్పలేదా? ఉందంటే ఎందుకు తీసుకురాలేదని అంటారని. శ్రీశైలమ్మ ఒళ్ళోని చేతులను గట్టిగా పట్టుకుంది. ఛీ, ఏం ఆలోచన ఇది. ఇంట్లో ఉండి ఉండి అనుమానం ఒంటికి పట్టింది.

ఇంట్లో పని అదే కదా, కాపలా. యల్లయ్యకు ఉప్పు తగ్గించమని చెప్పిన రోజు నుంచీ ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం పోలీసూ దొంగా అయిపోయారు. ఊరగాయ జాడీలో ఎంత ఉందో గుర్తు కోసం ఆ మట్టం దగ్గర సున్నం చుక్క పెట్టి పోతుంది. సాయంత్రానికి ఊరగాయ చుక్క కిందికి దిగి ఉంటుంది, ఆయన మూతి మాత్రం తుడిచి ఉంటుంది. ఒక చెయ్యే ఆడే మనిషి జాడీ మూత ఎట్లా తీస్తాడో ఇప్పటికీ తెలియదు. ఆయన అనుమానాలు ఆయనవి. "కూరలో ఉప్పెయ్యకుండా చంపాలని చూస్తన్నావు, నేను పోతే కాలేజీ వాళ్ళు నిన్ను పర్మినెంటు చేస్తామన్నారా ఏంది" అంటాడు. ఈ పొద్దున కూడా పెసరపప్పు కంచం పక్కకు నెట్టి, "మందలో నీరసపడ్డ గొర్రెకన్నా గంజిలో చిటికెడు ఉప్పేసి పెట్టేదానివి గదనే, నేను ఆపాటి జీవాన్ని గూడా కాదా?" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వి, క్యారియరు సర్దుకుని, సందు చివర ఆటో ఎక్కింది. ఆటోలో కూడా ఆ మాటకు ఒకసారి నవ్వుకుంది. నీరసపడ్డ గొర్రెకు ఉప్పు గంజి. అవును, పెట్టేది. పుట్టింట్లో అమ్మ పెట్టేది, అత్తింట్లో అత్త పెట్టేది, నానిన తవుడులోనో గంజిలోనో బొటనవేలూ రెండు వేళ్ళూ కలిపి తీసినంత కల్లుప్పు. ఉప్పు వేయని నానిన మేత జీవానికి పెట్టడమంటే దాన్ని అవమానించినట్టు. అది ఎవరూ నేర్పింది కాదు, చేతికి ఉన్న అలవాటు.

చేతికి ఉన్న అలవాటు.

శ్రీశైలమ్మ తన కుడిచేతి వైపు చూసింది. కింది అరల్లోవి బక్కచిక్కిపోతుంటే, గట్టి గుళికలు కొరకలేకపోతుంటే, "నానబెట్టి మెత్తగా చేసి పెట్టు పెద్దమ్మా" అంది సాహితి. నానబెట్టమంది. ఉగాది వెళ్ళిన వారం అది. ఆ పొద్దున గుళికలు నలిపి, వేడినీళ్ళు పోసి, మూత పెట్టి, మేత డ్రమ్ము వెనక ఉన్న చిన్న డబ్బా తీసి... ఆ డబ్బా ఆమె మజ్జిగలోకి తెచ్చుకున్నది. అందరూ మజ్జిగలోకే అనుకున్నారు. అరవింద్ కూడా ఒకరోజు అందులోంచి తీసుకుని జామకాయకు అద్దుకున్నాడు. ఆమె కూడా మజ్జిగలోకే అనుకుంటూ వచ్చింది. కానీ నెలకొక డబ్బా అయిపోయేంత మజ్జిగ ఎవరు తాగుతారు? మొదట నాలుగిటికి పెట్టింది, తర్వాత కింది అరలన్నిటికీ. ఒక్కో గిన్నెలో చిటికెడు. గొర్రెకు వేసే చిటికెడు. ముప్పై కిలోల గొర్రెకు వేసేదే పిడికెడంత ఎలుకకు వేసింది, వేళ్ళకు అంతకంటే చిన్న కొలత తెలియదు. యల్లయ్యకు పప్పులో ఉప్పు రవ్వ తగిలితే నోట్లోంచి లాక్కునేంత పని చేసే మనిషి, బీపీ ఉన్నవని తెలిసిన జీవాలకు ఐదు నెలలపాటు రోజూ పొద్దున్నే కూర్చుని ఉప్పు తినిపించింది. ఒక్కరోజు కూడా ఆ రెండూ ఒకటే ఉప్పని అనుకోలేదు. మనుషుల రోగం వేరు, జీవాల మేత వేరు. సీసాలు అందుకు ఖాళీ అయ్యాయి. పొట్టు అందుకు తడిసింది. గోడవైపు తిరిగి పడుకునేదాని కాళ్ళు అందుకే పడిపోయాయి. ఆ గీత గోడ దూకింది అక్కడే, ఉగాది వెళ్ళిన వారం నుంచీ.

గడియారంలో తొమ్మిదీ నలభై. లేచి నీళ్ళు తాగడానికి లేదు. కాకపోవచ్చు కూడా, అంది మనసు వెంటనే. ముసలివయితే ఎట్లాగూ చిక్కేవే కదా, అందుకే కదా నానబెట్టమంది, చిటికెడు ఉప్పుకు ఇంత జరుగుతుందా? ఈ మాట చెప్తున్న మనసును కూడా ఆమె పక్కకు తిరిగి చూసింది, సంతలో దళారిని చూసినట్టు. సరే, ఉప్పే అనుకో. అయితే మాత్రం ఇప్పుడేంది? సారు వస్తాడు, పట్టీ చుడతాడు, మిషను ఎంత చూపిస్తే అంత చూస్తాడు, సాహితి పుస్తకంలో అంతే ఉంటుంది. అంకెలు కలుస్తాయి. పిల్ల అబద్ధం రాయలేదని సారుకు తెలుస్తుంది, సంతకం పడుతుంది, డిసెంబరులో పుస్తకం పోతుంది. తను ఏమీ చేయాల్సిన పని లేదు, ఉన్నట్టే ఈ స్టూలు మీద కూర్చుంటే చాలు. రేపటి నుంచి ఉప్పు మానేస్తే చాలు. ఎవరికి తెలుస్తుంది? డబ్బాలో ఉన్నది మజ్జిగ ఉప్పు. తెలిస్తే పిల్ల చదువు పోతుంది, తన పని పోతుంది, యల్లయ్య మాత్రలు పోతాయి. నిజం చెప్పినందుకు ఇంతమందికి చెడు జరిగేటట్టుంటే అది ఏం నిజం. కానీ ఆ పుస్తకం ఎక్కడికి పోతుంది? ఎవరో డాక్టరు చదువుతాడు. వయసొస్తే బీపీ మనిషి ఒళ్ళు ఒక్కసారిగా గోడ దూకినట్టు చెడిపోతుందని నమ్ముతాడు. నమ్మి, యల్లయ్య లాంటి మనిషి ఎదురుగా కూర్చుంటే ఏ మాత్ర రాస్తాడు? తక్కువది రాస్తాడా, ఎక్కువది రాస్తాడా, ఇక లాభం లేదని అసలు రాయడా? ఆమెకు తెలియదు. ఆస్పత్రిలో తలనొప్పి లేదని చెప్పినప్పుడు కూడా ఆ డాక్టరు ఆ మాట రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో, దాన్నిబట్టి ఏమిచ్చాడో, ఏమివ్వలేదో ఆరేళ్ళయినా తెలియదు.

తలుపు మెల్లగా తెరుచుకుంది. సారు చెప్పులు బయట వదిలి వచ్చాడు, వెనక సాహితి, మిషను పట్టుకుని అరవింద్. సాహితి కళ్ళ కింద రెండు రాత్రుల నల్లదనం ఉంది. సారు తనే కింది అరలో ఒక బోను చూపించాడు, పిల్ల ఎలుకను గొట్టంలోకి ఎక్కించి తోకకు పట్టీ చుట్టింది. రెండు వందల పన్నెండు. సారు పుస్తకం తెరిచాడు. పోయిన వారం రెండు వందల తొమ్మిది. ఇంకోటి. రెండు వందల ఆరు, పుస్తకంలో రెండు వందల ఏడు. పై అరలోది ఒకటి తీయమన్నాడు, నూట ముప్పై. అట్లా ఎనిమిది తీశారు. ఎనిమిదోది బోనులోకి పోయాక సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాదే తప్పమ్మాయీ. ఆ గీత చూసి నిన్ను అనుమానించినా."

సాహితి గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. అరవింద్ గొంతు తగ్గించి, "ట్రీటు మాకు కూడా ఉండాల" అన్నాడు. సారు పెన్ను జేబులోంచి తీసి మూత తిప్పుతున్నాడు. శ్రీశైలమ్మ లేచి నిలబడింది.

"సారూ, ఆ సంతకం పెట్టొద్దు. వీటికి నేను ఉప్పు పెట్టినా."

"ఏంది?" అని నవ్వాడు సారు. "ఉప్పా? పప్పులోకా?"

"నానబెట్టిన మేతలో. కింది అరలవాటికి. మా జీవాలకు పెట్టినట్టే పెట్టినా. ఈ గడియదాకా నాకూ తట్టలేదు."

సారు మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది. పెన్ను మూత మళ్ళీ పెట్టుకుని బోన్ల దగ్గరికి పోయి, ఒక గిన్నె తీసి వేలు అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. గిన్నె అరవింద్ చేతికిచ్చాడు. ఆ పిల్లోడు ఈసారి నవ్వలేదు. శ్రీశైలమ్మ సాహితి వైపే చూస్తోంది. అరుస్తుందనుకుంది, కొట్టినా సరే అనుకుంది. ఆ పిల్ల ఇటు తిరిగి, పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, బల్ల మీద పెట్టుకుంది. తేదీ వేసింది, అక్షరాలు నిలువుగానే పడ్డాయి.

"ఎప్పట్నుంచి?"

"ఉగాది వెళ్ళిన వారం. మంగళవారం. మొదట నాలుగిటికి, ఆ మూలవి. వైశాఖంలో అన్నిటికీ."

"ఎంత?"

శ్రీశైలమ్మ మూడు వేళ్ళు కలిపి చూపించింది. సాహితి త్రాసు తెచ్చింది, డబ్బా తెచ్చింది. ఆ మూడు వేళ్ళతో తీసినంత కాగితం మీద వేయించి తూచింది. పదిసార్లు వేయించింది, పదిసార్లు రాసుకుంది. ప్రతిసారీ దాదాపు ఒకటే వచ్చింది. "రోజూ ఇంతేనా? ఏ రోజన్నా మానినావా?" మానలేదంది. "ఒక్కపూటేనా?" ఒక్కపూటే అంది. సారు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "అట్లయితే ఇది వేరే పనైతది," అన్నాడు ఎవరితో అన్నట్టూ కాకుండా, "పన్నెండు నెలల దాకా ఉన్నది ఉన్నట్టు మిగులుతది, అక్కణ్ణుంచి ఇంకోటి. డిసెంబరు మాత్రం మర్చిపో అమ్మాయీ." సాహితి తల ఊపింది. తల ఎత్తకుండా అడిగింది.

"ఉప్పు తప్ప ఇంకేమన్నా పెట్టినావా పెద్దమ్మా?"

"లేదమ్మా."

అప్పుడు తల ఎత్తి చూసింది. సోమవారం నుంచీ తను అరవింద్‌ను చూసిన చూపే అది, నమ్మాలని లేక కాదు, నమ్మడానికి ఇక ఏమీ మిగలక అన్నట్టు. చూసి, రాసింది. రాసిన మాట పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టింది. ఐదో తరగతి చదివిన శ్రీశైలమ్మకు ఆ గుర్తు తెలుసు. ఆమెకు కోపం రాలేదు. శివరాత్రి నాడు తన ఒక్కపొద్దు అరటిపండులో కొస ముక్క ఏ బోనులోనైనా పడిందా? పెట్టిందా, పెడదామనుకుందా? బెల్లం? అన్నం మెతుకులు? చెయ్యి ఏం చేసిందో తలకు తెలియని పొద్దుటి పూటలు ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టబోతే ఒక్కటీ చేతికి చిక్కలేదు.

"ఉండమ్మా," అంది. "ఆ మాట ఇప్పుడే రాయొద్దు. ఈ చేతిని అడిగి చెప్తా."